గుండ్లుపేట దాటాక కారెందుకు?

వరసగా నాలుగు సెలవులు కలిసొస్తే హైదరాబాద్, బెంగళూరు కుర్రకారు నోట మొదట వచ్చే పేరు ఊటీ. నలుగురైదుగురు స్నేహితులు, ఒక కారు. మైసూరు మీదుగా గుండ్లుపేట, ఆపైన బందీపూర్, ముదుమలై జాతీయ ఉద్యానాల నడుమ తెప్పకాడు, మసినగుడి, ఆఖరున 36 హెయిర్‌పిన్ మలుపుల కల్లట్టి ఘాట్. దక్షిణాదిలో ఇంతకు మించిన దారిని చూపించడం కష్టమే కాబట్టి ఆ మోజుకు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. చిక్కల్లా ఇంతమంది ఇన్ని బళ్లేసుకుని అడవిలోంచి పోవడం దగ్గరే వస్తోంది. ప్రభుత్వాలూ కోర్టులూ ఇన్నేళ్లుగా ఆ బళ్లను ఆపుతున్నాయి, లెక్కపెడుతున్నాయి. అడవి అంచున కారు దిగి బస్సెక్కే వీలు మాత్రం ఎవరూ కల్పించలేదు.

2009లో చామరాజనగర్ జిల్లా యంత్రాంగం బందీపూర్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిలిపేసింది. మరుసటి ఏడాది కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. వన్యప్రాణులకు రాత్రిపూట ఊపిరాడింది, మరి పగలో? దారి స్పష్టంగా కనబడాలని రోడ్డుకు ఇరువైపులా పొదలు కొట్టేస్తారు. నాలుగు చినుకులు పడగానే అక్కడ లేత గడ్డి లేస్తుంది. జింకలు, అడవిదున్నలు, ఏనుగులు ఆ గడ్డి కోసమే రోడ్డంచుకు వస్తాయి. వాటిని చూసి ఒక కారు ఆగితే దాని వెనక పది ఆగుతాయి, గున్నను వెంటేసుకుని రోడ్డు దాటాల్సిన తల్లి ఏనుగుకు అడ్డంగా కార్ల గోడ లేస్తుంది. కిటికీలోంచి చిప్స్ విసిరేవాళ్లు తమది దయ అనుకుంటారు. ఆ రుచి మరిగిన కోతి రోడ్డు వదలదు, చివరికి ఏదో చక్రం కింద పడుతుంది. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఏనుగుతో సెల్ఫీకి దిగిన ఒకాయన దాని కాళ్ల కింద పడి, అదృష్టం బాగుండి బతికి బయటపడి, 25 వేల రూపాయల జరిమానా కట్టాడు. ఆగొద్దని, దిగొద్దని బోర్డులున్నాయి, గస్తీ ఉంది. అయినా ఎక్కడ ఆగాలన్నది ఏ కారుకు ఆ కారే తేల్చుకుంటుంటే ఎంతమంది గార్డులుండి ఏం లాభం? బస్సులో నలభై మందికీ కలిపి స్టీరింగ్ ఒక్కటే. దాని వెనక కూర్చున్నవాడికి ఏనుగు రోజూ కనిపించేదే.

ఇక ఈ-పాస్ సంగతి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరి, కొడైకెనాల్ వెళ్లే బళ్లకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బళ్లని హద్దు పెట్టారు. ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపులోనే అసలు దారి ఉందని నా అభిప్రాయం. కారుకు నలుగురు చొప్పున వేసుకున్నా 6,000 కార్లలో పట్టేది 24,000 మంది. అంతమందికీ 40 సీట్ల బస్సులైతే 600 ట్రిప్పులు చాలు. కొండెక్కేవాళ్లలో ఒక్కరూ తగ్గరు, రోడ్డు మీది బళ్లు పదో వంతవుతాయి. పాస్ దొరక్క వెనుదిరిగే కుటుంబమూ ఉండదు.

ఇదేమీ గాలిలో మేడ కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో జయాన్ జాతీయ ఉద్యానం ఇరుకైన కొండలోయ. సందర్శకుల సంఖ్య ఏడాదికి 24 లక్షలకు చేరేసరికి కార్లు నిలిపే చోటు కరువై, 2000లో షటిల్ బస్సులు మొదలుపెట్టారు. అవి తిరిగే నెలల్లో లోయలోని రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు. ఆ తర్వాత జనం తగ్గారా అంటే, ఏడాదికి 40 లక్షలు దాటారు. అక్కడిదాకా వెళ్లిన మన తెలుగు ఇంజినీర్లు గొణగకుండా వరసలో నిలబడి షటిల్ ఎక్కుతారు. అంత దూరం కూడా అక్కర్లేదు, తిరుమలనే చూడండి. ఘాట్ రోడ్లున్న శేషాచలం కొండలు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానమయ్యాయి. కార్లూ ఎక్కుతున్నాయి, కాదనను. అయినా కింద తిరుపతిలో ఆర్టీసీ బస్సెక్కి కొండమీదికి పోవడం మనకు ఎంతమాత్రం కొత్త కాదు. 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. దేవుడి కొండకు బస్సు చాలినప్పుడు విహారానికి ఎందుకు చాలదో అర్థం కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. వయనాడ్ వాళ్లకు బందీపూర్ దారి బతుకుదెరువు. రాత్రి ఆంక్ష మీద 2019లో వాళ్లు సుల్తాన్ బత్తేరిలో నిరాహార దీక్షలు చేశారంటే ఆ బాధ ఉత్తది కాదు. స్థానికుల బళ్లు, కూరగాయల లారీలు, అంబులెన్సుల జోలికి పోకుండా, విహారానికి వచ్చే కార్లకే ఈ నియమం పెట్టాలి. లారీల వల్ల హాని లేదా అంటే ఉంది. కానీ లారీ జింకను చూడ్డానికి ఆగదు. ఊటీ హోటళ్లకు కావాల్సింది గదులు నిండడం, అది బస్సులో వచ్చినవాళ్లతోనూ నిండుతుంది. కాస్త బరువైన అభ్యంతరం మరొకటుంది: మన బస్సుల మీద నమ్మకం లేకపోవడం. గంటకొకటి, అదీ కిక్కిరిసి వస్తే ఎవరూ కారు దిగరు, దిగమనడం న్యాయమూ కాదు. అందుకే ముందు బస్సులు, తర్వాతే నిషేధం. గుండ్లుపేట దగ్గర కాపలా ఉన్న పార్కింగ్, పది నిమిషాలకో బస్సు, సామాను పెట్టుకునే చోటు, రాత్రి 9కి ముందే అడవి దాటేలా ఆఖరి ట్రిప్పు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పథకం మొదటి వేసవిలోనే పడకేస్తుంది. ఇక స్నేహితులతో సొంత కారులో పాటలు పెట్టుకుని పోయే సరదా ఏమైపోవాలంటారా? హైదరాబాద్ నుంచి గుండ్లుపేట దాకా ఏడెనిమిది వందల కిలోమీటర్లుంది, ఎన్ని పాటలైనా పడతాయి.

మనకు దగ్గరి అడవి నల్లమలలోనూ ఇదే తంతు. హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు రాత్రి 9కి మూసి ఉదయం 6కి తెరుస్తారు. పగలంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా కార్ల వరసే. దీనికి మందుగా వేల కోట్ల ఎలివేటెడ్ కారిడార్ కడతామంటున్నారు. అది పూర్తవడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మన్ననూరు దగ్గర కాస్త నేల చదును చేసి, వచ్చే కార్తీక సోమవారాల్లో అక్కడి నుంచి శ్రీశైలానికి వరసగా బస్సులు తిప్పి చూడటానికి ఆర్టీసీ, అటవీ శాఖ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది.