మిత్రుడనిపించుకొనవలెనన్న

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ను ప్రారంభించెను. తొలి విడతలో 161 సేవలు వాట్సాప్ ద్వారా ప్రజల చేతికి వచ్చినవి. నల్లమల అంచుననున్న యర్రగొండపాలెము వంటి ప్రాంతములకు ఇది చిన్న మేలు కాదు. ఒక ధ్రువపత్రము కొరకు కూలి మానుకొని కచేరి చుట్టును తిరిగినవారికే దీని విలువ తెలియును.

అయితే పట్టికలోని వరుసలను తాకుట సంభాషణ కాజాలదు. 1966లో అమెరికాలో వైజెన్‌బామ్ అను శాస్త్రజ్ఞుడు ‘ఎలైజా’ అను సంభాషణ యంత్రమును లోకమునకు తెలిపెను. అది అడిగినవారి మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి చెప్పెడిది. ఐనను పలువురు అది తమ్ము గ్రహించినదని భ్రమసిరి.

కచేరి అరుగుమీద అర్జీలు వ్రాయువాడు ముందు రైతు గోడు వినును. పిమ్మట దానిని సర్కారు భాషలో పెట్టును. ఈ యంత్రమును అట్లే చేయవలెను. ‘మా నాయన చేను నా పేరుమీదికి ఎక్కలా’ అని రైతు చెప్పినచో, ‘ఎక్కలా’ యనగా ‘ఎక్కలేద’ని దానికి తెలియవలెను. తెలియనిచో ఆ మాటను బాధ్యతగల ఉద్యోగి చెవిని వేయవలెను. వినెడి మనిషి లేని చోట మిత్రశబ్దము వ్యర్థము.

ఉపాధ్యాయులును విద్యార్థులును పెద్దలకు మీటలు నొక్కుట నేర్పిన చాలదు. జవాబు రానప్పుడు మరల అడుగుటయు నేర్పవలెను.