ఒక్క రోడ్డు... ఒక్క రోజు!

వైజాగ్ ట్రిప్ అనగానే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఓ పెద్ద లిస్టు పడుతుంది. పొద్దున బీచ్, మధ్యాహ్నం బొర్రా గుహలు, సాయంత్రం అరకు! రాత్రికి అమ్మకి కాళ్లు పీకుతుంటాయి, నాన్న కారులోనే నిద్రపోతారు. మన ఫోన్లో మాత్రం నాలుగొందల ఫొటోలు.

ఈసారి లిస్టు పక్కన పెట్టి, ఒక్క భీమిలి బీచ్ రోడ్డు పట్టుకోండి. పాతిక, ముప్ఫై కిలోమీటర్లే. ఓ పక్క కొండలు, ఓ పక్క సముద్రం.

మనది తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అది చూడాలంటే చీకటితోనే ఆర్కే బీచ్ చేరాలి. మ్యూజియం తెరిచాక కుర్సురా జలాంతర్గామి ఎక్కండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైంది. ఆ ఇరుకులో నావికులు రోజుల తరబడి ఎలా ఉన్నారో చూస్తే, మన ఇల్లు పెద్దగానే కనిపిస్తుంది!

నీళ్లలో ఆడాలంటే రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ ఇది. కానీ జాగ్రత్త! పైకి ప్రశాంతంగా ఉన్నా, ఈ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి. లైఫ్‌గార్డులు ఉన్నచోటే, వాళ్లు చెప్పినంత వరకే దిగండి. రీల్ కోసం ఇంకో నాలుగడుగులు వేయొద్దు.

తర్వాత తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. కొండపైకి రోడ్డుంది కాబట్టి నానమ్మనీ తీసుకెళ్లొచ్చు. అక్కణ్నుంచి సముద్రం చూస్తూ ఓ గంట ఊరికే కూర్చోండి.

దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్లపాటు చెక్కినవి. అంచులెక్కి ఫొటో దిగితే మట్టి జారిపోతుంది. పోయింది మళ్లీ రాదు. కింద నడిచినా అందం తక్కువేం కాదు.

చివరగా భీమిలి. గోస్తనీ సముద్రంలో కలిసేది ఇక్కడే. డచ్చివాళ్ల పాత సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. మురీ మిక్చర్ పొట్లాలు కట్టించుకుని ఒడ్డున కూర్చోవడమే ఇక్కడ ప్రోగ్రాం.

ఒక్క మాట. ట్రిప్ కోసమని ముందు రోజు రాత్రి అమ్మ చేత పులిహోర కలిపించకండి. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో కూడా ఆవిడనే చెప్పమనండి. సెలవు ఆవిడకి కూడా!