సాయంత్రానికల్లా బెయిలు... ఎవరికి?

2024 డిసెంబర్ 13, శుక్రవారం. మధ్యాహ్నం హైదరాబాదులో సినీ నటుడు అల్లు అర్జున్‌ని పోలీసులు అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు పద్నాలుగు రోజుల రిమాండు విధించింది. సాయంత్రానికల్లా తెలంగాణ హైకోర్టు నాలుగు వారాల మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఉత్తర్వుల కాగితం వేళకు జైలుకు చేరలేదు కాబట్టి ఆ ఒక్క రాత్రి చంచల్‌గూడలో గడిపి, మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి చేరుకున్నారు.

కేసు సంగతి అందరికీ తెలిసిందే. డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్‌లో ‘పుష్ప-2’ ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాట జరిగింది. పిల్లల్ని తీసుకుని సినిమాకొచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇందులో తప్పెవరిది, ఎంత అన్నది తేల్చాల్సింది కోర్టు. నేను ఆ జోలికి పోవడం లేదు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ సాయంత్రం గురించి.

మా మార్కాపురంలో ఆ వారమంతా ఎక్కడ చూసినా ఇదే చర్చ. కూరగాయల మార్కెట్లో, పెళ్లి భోజనాల్లో, పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకునే చోట కూడా. మగపిల్లలున్న ఇళ్లలో “మా హీరోని అరెస్టు చేస్తారా!” అని ఆవేశం. పెద్దవాళ్లున్న ఇళ్లలో “డబ్బున్నోడికో రూలు, లేనోడికో రూలు. ఇదంతా మామూలే” అని నిట్టూర్పు. ఈ రెండో మాట మనం ఎంత తేలిగ్గా అనేస్తామో! అనేసి పప్పులో తాలింపు పెట్టుకోవడానికి వెళ్లిపోతాం. నిజంగా రెండు రూళ్లున్నాయా? ఉంటే ఎక్కడున్నాయి? ఒక్కసారి నిలబడి చూద్దామనిపించింది నాకు.

దొంగదారి కనిపిస్తుంది

ప్రముఖులకు దక్కే ప్రత్యేక మర్యాదల్లో ఒక రకం పూర్తిగా చట్టవిరుద్ధం. 2012లో గాలి జనార్దన రెడ్డి బెయిలు కోసం కోట్లు చేతులు మారాయన్న ఆరోపణల మీద సీబీఐ కోర్టు న్యాయమూర్తినే హైకోర్టు సస్పెండ్ చేసింది. 2024లో మన పొరుగున కర్ణాటకలో హత్య కేసు నిందితుడైన నటుడు దర్శన్ జైలు ఆవరణలో కుర్చీ వేసుకుని, చేతిలో కప్పు, సిగరెట్టుతో కూర్చున్న ఫోటో బయటికొచ్చింది. ఆయన్ని బెంగళూరు నుంచి బళ్లారి జైలుకు మార్చారు. తర్వాత హైకోర్టు ఇచ్చిన బెయిలును 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు రద్దు చేస్తూ, చట్టానికి ఎవరూ అతీతులు కారని చెప్పింది. జైల్లో ప్రత్యేక సౌకర్యాలు కల్పిస్తే అధికారుల మీద చర్య తప్పదని కూడా హెచ్చరించింది.

ఈ రకాన్ని గుర్తుపట్టడం తేలిక. ఫోటో వస్తుంది, గోల జరుగుతుంది, ఎవరో ఒకరు సస్పెండ్ అవుతారు. మనకూ కడుపు చల్లబడుతుంది.

రెండో రకం అలా కాదు. అందులో ఎక్కడా తప్పు దొరకదు. 2015 మే 6న ముంబైలో సల్మాన్ ఖాన్‌కి 2002 నాటి కారు ప్రమాదం కేసులో అయిదేళ్ల శిక్ష పడింది. అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. రెండు రోజుల్లో శిక్ష అమలు నిలిపేసింది. అదే ఏడు డిసెంబర్‌లో ఆయన్ని నిర్దోషిగా ప్రకటించింది. ఇందులో లంచం లేదు, దొంగ కాగితం లేదు. అన్నీ చట్టంలో ఉన్న దారులే.

అల్లు అర్జున్ విషయమూ అంతే. కేసు కొట్టేయమని ఆయన ముందే హైకోర్టులో పిటిషన్ వేసుకున్నారు. అరెస్టయిన రోజునే దాన్ని అత్యవసరంగా వినమని అడిగారు. 2017లో వడోదర రైల్వే స్టేషన్లో షారుక్ ఖాన్ సినిమా ప్రచారం దగ్గర ఒక మనిషి చనిపోతే పెట్టిన కేసును గుజరాత్ హైకోర్టు 2022లో కొట్టేసిన సంగతి ఆయన లాయరు కోర్టుకు గుర్తుచేశారు. నటుడైనంత మాత్రాన పౌరుడిగా ఉన్న స్వేచ్ఛ పోదన్నది హైకోర్టు అభిప్రాయం.

ఆ అభిప్రాయంతో నాకు పేచీ లేదు. బెయిలే పద్ధతి, జైలు తప్పనిసరైతేనే అని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. నేరం రుజువు కాని మనిషిని, పారిపోడని నమ్మకమున్న మనిషిని లోపల పెట్టి సాధించేదేముంది? కాబట్టి ఆ సాయంత్రం కోర్టు చేసింది చేయాల్సిన పనే. మరి మనకెందుకంత మంట? అదే పని మనవాళ్లకు చేయడం లేదు కాబట్టి.

వకీలు, వేళ, జామీను

సాయంత్రానికల్లా బెయిలు రావాలంటే ఏం కావాలి? శుక్రవారం మధ్యాహ్నం పిలిస్తే పలికే పెద్ద లాయరు కావాలి. ఆ పూట దాటితే శని, ఆదివారాలు లోపలే అని తెలిసి పరుగెత్తే మనుషులు కావాలి. బెయిలొచ్చాక సంతకం పెట్టడానికి ఆస్తిపరులు కావాలి.

మా పశ్చిమ ప్రకాశం సంగతి చూడండి. వానలు లేక, నీళ్లు లేక, గిద్దలూరు, కంభం, మార్కాపురం పల్లెల నుంచి జనం హైదరాబాదుకి, బెంగళూరుకి, గుంటూరు మిరపకోతలకి వలసపోయే ప్రాంతం ఇది. పలకల గనుల్లో బతుకంతా రాయి కొట్టినవాడికి సొంతంగా సెంటు భూమి ఉండదు. ఇక్కడివాళ్లు హైకోర్టుకి పోవాలంటే అమరావతి దాకా పోవాలి. పోయిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. లాయరు ఫీజు సంగతి చెప్పనే అక్కర్లేదు.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె ఉంది. పెనిమిటి తాపీ పని చేస్తాడు. గట్టు తగాదాలో అన్నదమ్ముల మధ్య కర్రలు లేచాయి, కేసయింది, అతన్ని సబ్‌జైలుకి పంపారు. పదకొండో రోజున బెయిలు వచ్చింది. తలా పదివేలకు ఇద్దరు జామీను ఉండాలన్నారు. ఆమె సంబరపడి నాకు కజ్జికాయలు కూడా తెచ్చిచ్చింది. కానీ అతను ఇంటికి రాలేదు. ఆమె అన్నకు ఎకరం చేనుంది గానీ పాసుపుస్తకం చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. మేనమామకు ఇల్లుంది గానీ ఆయన బతుకు హైదరాబాదులో, ఇంటిపన్ను రశీదు ఎక్కడుందో తెలీదు. ఊళ్లో అడిగితే “పోలీసు కాగితం మీద సంతకమా, మాకొద్దమ్మా” అని తలుపులేసుకున్నారు. చివరికి ఎవరో కిరాయి జామీనుదార్లని కుదిర్చిపెట్టారు. మూడు వేలు తీసుకున్నారు. కుట్టుమిషను తాకట్టు పెట్టి ఆ మూడు వేలూ తెచ్చింది. బెయిలొచ్చాక అతను బయటికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

అల్లు అర్జున్ వార్త చూసి ఆమె నాతో అన్న మాట: “ఆయప్పకి సాయంత్రానికే వచ్చె గదక్కా. మాకు బెయిలొచ్చినాక కూడా మనిషి రాకపాయె.” ఆ గొంతులో ఆయన మీద కోపం లేదు. లెక్క మాత్రం ఉంది.

2025 జనవరి 3న నాంపల్లి కోర్టు అల్లు అర్జున్‌కి పూర్తి బెయిలిచ్చినప్పుడు పెట్టిన షరతుల్లోనూ యాభై వేల రూపాయల పూచీ, ఇద్దరు జామీనుదార్లు ఉన్నారు. అంటే కాగితం మీద కోర్టు ఇద్దర్నీ సమానంగానే చూసింది! ఒకరికది సంతకంతో పోయే పని. ఇంకొకరికి ఇంట్లో ఉన్న ఒక్క మిషనూ పోయే పని. రెండు రూళ్లు ఎక్కడున్నాయని అడిగాను కదా, నాకు తెలిసి ఇక్కడున్నాయి. అందరికీ ఒకే షరతు పెట్టడంలోనే ఉన్నాయి.

ఈ సంగతి కోర్టులకు తెలియక కాదు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు అతన్ని పదివేల జామీను అడిగాడు. అతని అన్నదమ్ముడు పూచీ ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీరును గట్టిగా తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదిలెయ్యమన్నారు. పేదల్ని, ఆడవాళ్లని, ఒంట్లో బాగాలేనివాళ్లని సొంత పూచీ మీదే విడవడానికి ఉదారంగా చూడమన్నారు. నలభై ఏళ్లు దాటిపోయింది. మా వీధి తాపీమేస్త్రీకి ఆ తీర్పు ఇంకా చేరలేదు.

ఇది ఒక్క వీధి కథ కాదు. 2022 జైళ్ల లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఖైదీలు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి నేరం రుజువు కాలేదు. వీళ్లలో ఘోరమైన కేసులున్నవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ బెయిలొచ్చి కూడా పూచీకత్తు లేక ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. 2022 నవంబరులో రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందే జైళ్లలో మగ్గే పేదల గురించి మాట్లాడాల్సి వచ్చింది.

పేరు వల్ల నష్టమూ ఉంది

డబ్బున్నవాళ్లెప్పుడూ తప్పించుకుంటారనడం కూడా సరికాదు. సత్యం కంపెనీ రామలింగరాజు 2009లో లెక్కల మోసం తానే ఒప్పుకున్నాక, విచారణ కాలంలోనే రెండేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. పేరున్న మనిషిని అరెస్టు చేస్తే టీవీల్లో కనపడుతుందన్న ఉబలాటమూ ఉంటుంది. అందరి కళ్లూ తన మీదే ఉండడం వల్ల ప్రముఖుడికి వడ్డింపు కొంచెం ఎక్కువైన సందర్భాలు లేకపోలేదు. కానీ అదే కళ్లు ఆయన్ని కాపాడతాయి కూడా. ఆయన ఒక్క రోజు ఎక్కువ లోపలుంటే దేశమంతా అడుగుతుంది. జాకెట్లు కుట్టే ఆమె భర్త పందొమ్మిది రోజులు ఎక్కువుంటే ఎవరడిగారు?

ఇంకో మాట. ఈ గొడవంతటిలో చనిపోయిన ఆ తల్లి వెనక్కి వెళ్లిపోయింది. నిర్మాతలు, దర్శకుడు, నటుడు కలిసి ఆ కుటుంబానికి రెండు కోట్ల సాయం ప్రకటించారు. మంచిదే. అయితే బెయిలంటే నిర్దోషి అని కాదు, అరెస్టంటే దోషి అనీ కాదు. బాధితులకు న్యాయం చేసేది త్వరగా వచ్చే తీర్పు. సల్మాన్ కేసులో కింది కోర్టు తీర్పుకే పన్నెండేళ్లకు పైగా పట్టింది. నిందితుడు ఒక రాత్రి జైల్లో పడుకున్నాడా లేదా అని కొట్టుకునే మనం, ఆ కేసు విచారణ ఎంతవరకు వచ్చిందని ఎప్పుడైనా అడుగుతున్నామా?

మనకున్న దారులు

ఇప్పుడు మనకు పనికొచ్చే సంగతులు కొన్ని. ఈ పేజీ కత్తిరించి దాచుకున్నా సరే.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు బెయిళ్ల మీద కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలిచ్చిన రోజో మర్నాడో ఆ ఉత్తర్వును కోర్టు ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల రోజుల్లో పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చు. స్థానికులే జామీను ఉండాలని పట్టుబట్టడం విడుదలలు ఆలస్యం కావడానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకుండా ఉండొచ్చని కూడా చెప్పింది.

బెయిలు ఇచ్చితీరాల్సిన చిన్న నేరాల్లో, అరెస్టయిన వారంలోగా జామీను తేలేకపోతే ఆ మనిషిని పేదవాడిగానే భావించి సొంత పూచీ మీద వదలాలని చట్టంలోనే ఉంది. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టం ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకపోతే, ఇతర కేసులేవీ లేని మొదటిసారి నిందితుడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలున్నాక బెయిలుకు అర్హుడు. పేద ఖైదీల పూచీ కోసం డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. ఇక ఉచిత న్యాయ సహాయం ఆడవాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా దక్కే హక్కు. మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లోని మండల న్యాయ సేవాధికార కమిటీలో అడగొచ్చు, ఒంగోలులో జిల్లా సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

మా వీధి ఆమెకు ఇందులో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మిషను ఇంట్లోనే ఉండేది.

అందుకే నాకొకటి తోస్తోంది. బెయిలొచ్చి వారం దాటినా లోపలే ఉన్నవాళ్లెంతమందో ప్రతి సబ్‌జైలు బయట, ప్రతి కోర్టు నోటీసు బోర్డు మీద నెలనెలా అంకె రాసి పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకె చాలు. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు అదీ చదవాలి. ఈసారి ఎవరైనా హీరోకి సాయంత్రానికల్లా బెయిలొస్తే ఆయనకెందుకిచ్చారని అడగొద్దు. మన సబ్‌జైలు బోర్డు మీద అంకె ఎంతుందో, ఎందుకుందో అడుగుదాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు.