ముందు కరెంటు సంగతి చూడండి

మా ఇంటి కంప్యూటర్ 2014లో కొన్నది. మా నాన్న చేతిరాత పుస్తకాలు, సిరా వెలిసిపోయేలోగా, దాంట్లోనే టైపు చేస్తున్నాను. ఈ ఎండాకాలం పేజీ సగంలో ఉండగా ఠక్కున ఆగి, దానంతటదే మళ్లీ మొదలవడం పట్టుకుంది. రెండుసార్లు టైపు చేసిందంతా పోయింది.

"పాత సామానోడికి ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. "గ్రాఫిక్స్ కార్డు వేద్దాం మా" అన్నాడు పిల్లోడు. వాడి ఆటల సంగతి నాకు తెలీదా!

నా మాట వేరు. కాళ్లు ఆడని ముసలామెకి పట్టుచీర కడితే నడుస్తుందా? మా ఆత్మకూరు ఎండల్లో, మా వీధిలో ఓల్టేజి ఎట్లా ఎగిరి పడుతుందో నాకు తెలుసు. ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు నీరసపడితే, పని ఎక్కువవగానే కంప్యూటర్ పడిపోతుంది. అందుకే మొదటి డబ్బు పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌కి, యూపీఎస్‌లో కొత్త బ్యాటరీకి పెట్టాను. ఆ తర్వాతే సాటా ఎస్ఎస్‌డీ. ర్యామ్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. మాది డీడీఆర్3, ఆ గాడిలో డీడీఆర్4 దిగదు.

ప్రాసెసర్ జోలికి పోలేదు. నాలుగో తరం ఐ3ని విండోస్ 11 ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. లినక్స్ మింట్ వేయించాను. తెలుగు బాగానే పడుతోంది.

ఇప్పుడు నాలుగో నోటుపుస్తకంలో ఉన్నాను. అన్నట్టు, మా వారు పొద్దున్నే పేపరు దాంట్లోనే చదువుతున్నారు.