వీధిలో ఇసుక కుప్ప
మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి దగ్గరి ఓ సందులో ట్రాక్టరు ఇసుక దించి పోయింది. ఓ ముసలమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టి, గోడ తడుముకుంటూ ఆ కుప్ప దాటింది. అందరూ టిప్పర్లను తిడతారు. నా కోపమంతా కుప్ప మీదే. బండి పావుగంటలో పోతుంది, కుప్ప స్లాబు పడేదాకా కదలదు. లారీ వెడల్పు 2.6 మీటర్లు మించకూడదని నిబంధన ఉంది, కుప్పను కొలిచేవాళ్లేరీ? బెజవాడ కొండ ఇళ్లకు బండి ఎక్కదు, ఇసుకా ఇటుకా మెట్ల మీదుగా మనుషులే మోస్తారు. మన ఇరుకు సందులకూ ఆ తీరే మేలు: ఊరి బయట దించి, ఏ పూటకాపూట సంచుల్లో తెప్పించుకోవాలి. కూలి పెరుగుతుంది, నిజమే. అది ఇల్లు కట్టేవాళ్లే పెట్టుకోవాలి. ఈ రాత్రి ఆ ముసలమ్మ కోసం 108 వస్తే, స్ట్రెచరు ఎటు తిప్పుతారు?