దయ్యాలు రాసినవాళ్ళు, భయపడినవాళ్ళు

ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మాకు చదువుకంటే ముందు అబ్బింది దయ్యాల భయం. కరెంటు పోయిందంటే చాలు, సీనియర్ అన్నలు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మొదలుపెట్టేవారు. నూతి దగ్గర ఆడమనిషి, చింతచెట్టు మీద తెల్లచీర వగైరా. ఆ తర్వాత బాత్‌రూముకి వెళ్ళాలంటే నలుగురం కలిసే వెళ్ళేవాళ్ళం. చివర ఎవరు నడవాలన్న దాని మీద రోజూ తగువే.

ఆ కథల పుట్టిల్లు ఎక్కడో తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఒక అన్న ట్రంకు పెట్టెలో అట్ట ఊడిపోయి, మొదటి పదహారు పేజీలు లేని పుస్తకం ఒకటి దొరికింది. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’. పాఠ్యపుస్తకం కాకుండా మేము మొదటినుంచి, అంటే పదిహేడో పేజీ నుంచి, చివరిదాకా చదివిన మొదటి పుస్తకం అదే. ఈ మాట చెప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కలాసీల ఇళ్ళల్లో, కూలికి పోయేవాళ్ళ ఇళ్ళల్లో గోడమీది క్యాలెండరు తప్ప అచ్చుకాగితం ఉండేది కాదు. మా ఇళ్ళల్లో డిగ్రీ సర్టిఫికెట్ మొదట చూసింది మేమే.

ఇప్పుడిదంతా ఎందుకంటే, ఈ వార్షికోత్సవానికి హాస్టల్ లైబ్రరీకి పుస్తకాలు కొందామని పాత విద్యార్థులం కూర్చున్నప్పుడు ఈ పుస్తకం దగ్గర పెద్ద వాదనే అయింది. “మన పిల్లలకి క్షుద్ర సాహిత్యం ఎందుకు? అంబేడ్కర్, ఫూలే, జాషువా ఉంటే చాలదా?” అన్నారు కొందరు. వాళ్ళ కోపం అర్థం లేనిది కాదు. అయినా ఆ పుస్తకం ఉండాలనే మేమన్నాం.

1980ల మొదట్లో ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగునాట ఇంటింటినీ భయపెట్టింది. దాని తర్వాత వచ్చిన ‘తులసి’ నవలతో కాష్మోరా అన్నమాట పిల్లల నోళ్ళలో కూడా పడింది. ఇవన్నీ రాసినాయన శ్మశానాల్లో తిరిగే మంత్రగాడు అయ్యుంటాడని మేము చాలాకాలం అనుకున్నాం. తీరా చూస్తే ఆయన చార్టర్డ్ అకౌంటెంటు! 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన మన ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి. ఆ సంగతి తెలిసిన రోజున మా భయం సగం దిగిపోయింది. జమాఖర్చులు చూసుకునే మనిషి కూర్చుని, లెక్క ప్రకారం, ఏ పేజీలో మనం ఉలిక్కిపడాలో నిర్ణయించి రాశాడన్నమాట. పైగా గ్రూప్స్‌కి చదివే మా మిత్రులు గీతలు గీసుకుని చదివే ‘విజయానికి అయిదు మెట్లు’ కూడా ఆయనదే. భయపెట్టిందీ ఆయనే, ధైర్యం చెప్పిందీ ఆయనే. రెండింటికీ డబ్బులిచ్చింది మనం.

బయటి దేశాలవాళ్ళూ అంతే. ‘డ్రాకులా’ (1897) రాసిన బ్రామ్ స్టోకర్ లండన్‌లో ఒక నాటకశాల మేనేజరు. కథ మొదలయ్యే ట్రాన్సిల్వేనియాని ఆయన కళ్ళతో చూడనేలేదు. చిన్నప్పుడు ఏడేళ్ళదాకా జబ్బుతో మంచం దిగలేదట, పక్కన కూర్చున్న తల్లి తను చూసిన కలరా చావుల కథలు చెప్పేదట. స్టీఫెన్ కింగ్ రెండేళ్ళవాడై ఉండగా తండ్రి ఇల్లు వదిలిపోయాడు, తల్లి దొరికిన పనల్లా చేసి పెంచింది. ఆయన డిగ్రీ అయ్యాక కూడా లాండ్రీలో పనిచేశాడు. మొదటి నవల ‘క్యారీ’ (1974) కాగితాలు చెత్తబుట్టలో పడేస్తే భార్య తీసి, దులిపి, రాయమంది. ప్రపంచాన్ని భయపెట్టిన ఆయనకి పదమూడు అంకె అంటే భయం!

అయితే ఇంకో రకం కూడా ఉన్నారు. అమెరికాలోనే లవ్‌క్రాఫ్ట్ అని ఒకాయన, పేదరికంలో 1937లో పోయాడు. ఆయన కథల్లోని వింత జంతువుల వెనక ఏముందో ఆయన ఉత్తరాలు చదివినవాళ్ళు చెప్పారు. నల్లవాళ్ళన్నా, వలస వచ్చినవాళ్ళన్నా ఆయనకి అసహ్యం. ఆయన తల ఆకారంలో ఇచ్చే సాహిత్య బహుమతి మాకొద్దని నల్లజాతి రచయితలు గొడవ చేస్తే 2015లో దాన్ని మానేశారు. ఇది చదివాక మేము మన కథల వైపు తిరిగి చూసుకున్నాం. మన కథల్లో మంత్రగాడు ఎక్కడుంటాడు? ఊరి చివర. మంత్రగత్తె ఎవరు? మొగుడు పోయిన ముసలమ్మ. ఊరి చివర ఉండేది ఎవరో ఈ పత్రిక చదివేవాళ్ళకి మేము చెప్పాలా?

మాలో ఒకడి మామ్మని ఊళ్ళో చిల్లంగి పెడుతోందన్నారు. ఆవిడ చేసిందల్లా పురుళ్ళు పోయడం, పసరు మందు ఇవ్వడం. పక్కవీధి పిల్లకి జ్వరం తగ్గలేదు. అది మలేరియా అని తర్వాత ఆసుపత్రిలో తేలింది. తేలినా, ఆరునెలలపాటు ఆవిడ ఎదురొస్తే తలుపులు మూసుకున్నారు. వాడు ఆ ఏడాది సంక్రాంతికి ఇంటికి వెళ్ళలేదు. హాస్టల్లోనే ఉండి మూడోసారి ‘తులసిదళం’ చదివి, ఒక రాత్రి మెల్లగా అన్నాడు, “మా మామ్మకి నిజంగానే వచ్చేమోరా” అని.

ఆ మాట మేము ఇప్పటికీ మర్చిపోలేదు. పసిపిల్లకి వచ్చినది రోగమా, ప్రయోగమా అన్నది చివరిదాకా తేల్చకుండా ఉంచడమే ఆ నవల గొప్ప. అదే దాని నేరం కూడా. చేతబడి నెపంతో పళ్ళూడగొట్టిన, చంపిన వార్తలు మన పేపర్లలో లోపలి పేజీల్లో వస్తూనే ఉన్నాయి. పుణేలో నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపాకగానీ, 2013లో, మహారాష్ట్రకి చట్టం రాలేదు. పక్కనున్న ఒడిశాలోనూ అదే ఏడు చట్టం చేశారు.

మావాడికి మందు వేసింది మళ్ళీ పుస్తకమే. రంగనాయకమ్మ గారు ఆ నవలని చీల్చి చెండాడుతూ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ రాశారు. ఇంటర్లో ఒక లెక్చరర్ చేతికిస్తే వాడు ఏకబిగిన చదివేశాడు. ఆ సెలవులకి ఊరెళ్ళి మామ్మని ధైర్యంగా అడిగాడట, నీకు మంత్రాలొచ్చా అని. “నాకే మంత్రాలొస్తే మీ తాత చేత సారా మాన్పించీదాన్ని కాదేట్రా?” అందట ఆవిడ.

కాబట్టి మా అభిప్రాయం ఇదీ. బీరువాలో రెండూ పక్కపక్కనే పెట్టండి. మూడోది ‘అల్పజీవి’ పెట్టండి. రాసిన రావిశాస్త్రి గారిది మన పక్కనున్న తుమ్మపాలే. అందులో దయ్యం లేదు, మంత్రం లేదు. సుబ్బయ్య అనే గుమాస్తా బావమరిదికి భయపడతాడు, ఆఫీసులో భయపడతాడు, కంట్రాక్టరుకి భయపడతాడు. స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు మా కాళ్ళు ఎందుకు వణికేవో ఆ పుస్తకం చదివాకే మాకు అర్థమైంది.

జాబితాలో మూడు పేర్లూ రాసి ఇచ్చాం. ‘తులసిదళం’ కొత్త కాపీ వస్తే ముందు ఒక్కరోజు మాకివ్వమని కూడా అడిగాం. ఆ మొదటి పదహారు పేజీలు మేమింకా చదవలేదు.