బాడీ బిల్డింగ్: మాట ఒకటి, పనులు మూడు

‘బాడీ బిల్డింగ్’ అనే ఇంగ్లీషు సమాసంలో కష్టమైన మాట ఏదీ లేదు. ‘బాడీ’ అంటే శరీరమనీ, ‘బిల్డింగ్’ అంటే కట్టడమనీ చిన్న తరగతుల విద్యార్థికి కూడా తెలుసు. అయినా ఈ రెంటినీ కలిపి తెలుగు చేయబోయిన అనువాదకుడు మొదటి అడుగులోనే తడబడతాడు. మాటకు మాట పెట్టి ‘శరీర నిర్మాణం’ అన్నాడా, అది వైద్య విద్యార్థులు శవపరిచ్ఛేదం చేసి నేర్చుకునే శాస్త్రం పేరై కూర్చుంటుంది. కండలు పెంచే యువకుణ్ణి గురించి చెప్పబోయి ఎముకల లెక్కలోకి దిగినట్లవుతుంది.

నిజానికి ఇంగ్లీషులోనే ఈ మాట చేసే పని ఒకటి కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ‘బాడీ బిల్డింగ్’ అన్న బోర్డు చూసి, లోపల డంబెల్స్ ఉంటాయని ఎవరూ అనుకోరు. కంపెనీ నుంచి వచ్చిన లారీ ఛాసిస్ మీద క్యాబిన్ కట్టి, తొట్టి బిగించి, రంగులు వేసి పంపే షెడ్డు అది. తమిళనాడులోని కరూరు బస్సు బాడీలకు ప్రసిద్ధి. పోషకాహార పాఠాలలో ఇదే మాటకు అర్థం వేరు. అక్కడ ‘బాడీ బిల్డింగ్ ఫుడ్స్’ అంటే పప్పులు, పాలు, గుడ్లు, చేపలు మొదలైన మాంసకృత్తులు గల ఆహారం. పాలు మాన్పించిన పసిబిడ్డకూ, నిండు గర్భిణికీ వర్తించే మాట అది. ‘శరీర నిర్మాణానికి తోడ్పడే ఆహారం’ అన్న తెలుగు అతికినట్లు సరిపోయేది ఇక్కడొక్కచోటనే.

మూడవది వ్యాయామశాల అర్థం. అమెరికాలోని బోస్టన్ నగరంలో వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలను నడిపిన రాబర్ట్ రాబర్ట్స్ 1881లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడంటారు. సర్కసు ఫీట్లను పక్కన పెట్టి, సామాన్య ఉద్యోగులు ప్రమాదం లేకుండా చేయదగిన తేలిక కసరత్తులకు ఆయన ప్రాధాన్యమిచ్చాడు. అంటే పుట్టినప్పుడు ఈ మాటలో ప్రదర్శన లేదు; ఆరోగ్యమే ఉంది.

ప్రదర్శనను తెచ్చినవాడు యూజెన్ శాండో. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించిన ఈ మల్లుడు మొదట్లో అందరిలాగే బరువులెత్తి, గొలుసులు తెంచి పొట్ట పోసుకున్నాడు. ప్రేక్షకులు అతడెత్తే బరువును కాక అతడి దేహాన్నే చూడవస్తున్నారన్న సంగతి తెలిశాక, గ్రీకు విగ్రహాల భంగిమలలో నిలబడటమే ఒక విద్యగా మలచుకున్నాడు. 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో అతడు నడిపించిన పోటీలో శాండోతోపాటు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నవారు శిల్పి చార్లెస్ లాస్, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్. వారు తూచినవి బరువులు కావు. అవయవాల పొందిక, కండల బిగువు, చర్మపు నిగారింపు, ఆరోగ్యం. మల్లుల పోటీకి శిల్పిని న్యాయనిర్ణేతగా పిలిచారంటేనే అప్పటికి మాట ఎటు తిరిగిందో తెలుస్తుంది. 1904లో శాండో ఈ మాటనే పేరుగా పెట్టి ఒక పుస్తకం ప్రకటించాడు. ఆ రోజుల్లోనే మన దేశంలోనూ పర్యటించి వెళ్లాడు. మనిషిని మరచినా, చేతులు లేని బనియనును మనవాళ్లు నేటికీ ‘శాండో బనియను’ అనే అడిగి కొంటారు.

కనుక బరువులెత్తడం వేరు, బాడీ బిల్డింగ్ వేరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఆమె భుజాల కొలతను ఎవరూ అడగలేదు. వీరఘట్టంలో పుట్టి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడిది బల ప్రదర్శన. 1951లో మనోతోష్ రాయ్, 1952లో మనోహర్ ఐచ్ ‘మిస్టర్ యూనివర్స్’ పోటీలలో తమ తరగతుల్లో గెలిచినది దేహం తీరుకు. మూడింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మన పత్రికలు చాలాకాలంగా ఈ పోటీలకు ‘దేహదారుఢ్యం’ అని పేరు పెడుతున్నాయి. సంస్కృతంలో అది ‘దార్ఢ్యం’. తెలుగు నాలుక దాన్ని కొంత మెత్తబరచుకుంది. మాట గంభీరంగానే ఉంది గాని, అర్థం దృఢత్వం. చిక్కు అక్కడే. పోలీసు ఉద్యోగాల ఎంపికలో ఎత్తు, ఛాతీ కొలిచి, 1600 మీటర్లు పరుగెత్తించే పరీక్షల పేరు కూడా ‘దేహదారుఢ్య పరీక్షలు’ కదా! అద్దం ముందు చేతుల కండలు చూసుకుంటూ రెండేళ్లు గడిపిన కుర్రవాడు, తనకు దారుఢ్యం వచ్చేసిందనుకుని ఆ మైదానంలో దిగితే, సగం దూరంలోనే ఆయాసంతో ఆగిపోవచ్చు. పైగా పోటీ రోజున వేదిక మీద మెరిసే బాడీ బిల్డరు కండల గీతలు స్పష్టంగా కనబడటానికి తిండి తగ్గించి, తరచు నీళ్లు కూడా మానుకుని వచ్చివుంటాడు. మిక్కిలి దృఢంగా కనిపించే ఆ ఘడియలోనే అతడు మిక్కిలి నీరసించి ఉండటం కద్దు.

మరాఠీవారు ‘శరీర సౌష్ఠవం’ అన్నారు. ఇది మేలైన మాట. తెలుగుకు కొత్తదీ కాదు. వ్యాయామ ఫలాలను చెబుతూ సుశ్రుతుడు అవయవాల చక్కని పొందికనూ లెక్కించాడు. అయితే ఉన్న బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని హద్దు కూడా గీశాడు. నేటి వ్యాయామశాలల్లో ఆ హద్దును పాటించేవారు అరుదు. హార్మోను సూదులతో దాన్ని దాటినవారు గుండెకూ, కాలేయానికీ ముప్పు తెచ్చుకుంటున్నారు.

డబ్బాల మీద ‘బాడీ బిల్డింగ్’ అని అచ్చువేసి పొడులు అమ్మేవారికి ఈ అర్థాల కలగాపులగం వల్ల లాభమే. పాఠ్యపుస్తకంలోని పప్పూ పాలూ అర్థం తల్లిదండ్రులకు నచ్చుతుంది. బొమ్మలోని కండలు కొడుకును ఆకర్షిస్తాయి. కొనేవారు ఒకే డబ్బాలో రెండు అర్థాలకూ వెల చెల్లిస్తారు.

అనువాదకుడు సందర్భాన్ని బట్టి నడుచుకోవడమే మార్గం. పోటీకి శరీర సౌష్ఠవం, పోలీసు పరీక్షకు దేహదారుఢ్యం, లారీకి బాడీ కట్టడం. ఇంగ్లీషువారు మనిషి ఆకారాన్ని ‘బిల్డ్’ అంటే మాత్రం అక్కడ నిర్మాణం జోలికి పోనక్కరలేదు. దానికి ‘ఒడ్డూ పొడుగూ’ అని మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది.